ఎటర్నల్ షేర్, అదే మన జొమాటో: నాలుగున్నరేళ్లు పెట్టుకున్నాక నా రివ్యూ, 5కి 3

మిక్సీ కొన్నా, వాషింగ్ మెషీన్ కొన్నా రెండేళ్లు వాడాక ఎలా ఉందో నలుగురికీ చెప్తాం. షేర్ విషయంలో మాత్రం కొన్న రోజు చెప్పేవాళ్లు, డబుల్ అయిన రోజు చెప్పేవాళ్లే ఎక్కువ, పెట్టుకుని కూర్చున్న వాళ్ల మాట పెద్దగా వినపడదు. అందుకే ఇది రాస్తున్నా. నేను ఉండేది నిజాంపేట్‌లో, ఉద్యోగం హైటెక్ సిటీ వైపు, నెలనెలా జీతంలో కొంత షేర్లలో పెడతా, అంతకుమించి నాకు ఈ ఫీల్డ్‌తో సంబంధం లేదు, కాబట్టి నా మాట విని కొనకండి, నా మాట విని అమ్మకండి, ఎవరి లెక్క వాళ్లు వేసుకోండి.

నా కథ చిన్నదే. 2021 జులైలో 76 రూపాయలకి ఐపీఓ వచ్చింది, నాకు అలాట్ అవ్వలేదు, లిస్ట్ అయిన వారానికే 130 దగ్గర కొన్నా. ఏడాది తిరిగేసరికి పాత ఇన్వెస్టర్ల లాకిన్, అంటే అమ్మకూడదన్న గడువు, అయిపోయి 2022 జులై చివర్లో 40 దాకా వచ్చేసింది. అప్పుడే నిమిషాల్లో సరుకులు తెచ్చే బ్లింకిట్‌ని, అదే పాత గ్రోఫర్స్‌ని, 4,447 కోట్లకి కొంటున్నారు అని వార్త, మా బావ ఫోన్ చేసి "నష్టాల్లో ఉన్నోడు ఇంకో నష్టాల కంపెనీని కొంటున్నాడు, నువ్వు అమ్మి బయటికి రా" అన్నాడు. నేను రాలేదు, 2023 మొదట్లో 55 లోపు ఇంకాస్త కొన్నా. తర్వాత జరిగింది అందరికీ తెలుసు, 2023 ఏప్రిల్-జూన్‌లో మొదటిసారి 2 కోట్ల లాభం చూపించారు, 2024 డిసెంబర్‌లో 300 తాకింది, అదే నెల 23న సెన్సెక్స్‌లోకి వెళ్లింది, 2025 మార్చిలో కంపెనీ పేరు ఎటర్నల్ అయింది. డబ్బులైతే వచ్చాయి, కాదనను. కానీ వచ్చిన డబ్బు గురించి కాదు, ఇప్పుడు ఈ రేటు దగ్గర ఇంకా పెట్టుకోవాలా అన్నదే నన్ను తినేస్తున్న ప్రశ్న, అది మొత్తం ఒక్క విషయం మీద ఆధారపడి ఉంది, రేపు ఎవరు పోటీకి వస్తారు, వస్తే వాళ్లు ఎంతకాలం నష్టం భరించగలరు.

ముందు మా అపార్ట్‌మెంట్ గేటు సంగతి చెప్తా. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది మధ్య వాచ్‌మన్ పక్కన అరగంట నిలబడితే బయట మొత్తం బ్లింకిట్ పసుపు, జెప్టో వంకాయ, స్విగ్గీ నారింజ రంగు టీషర్టులే, మధ్యలో ఫ్లిప్‌కార్ట్ మినిట్స్ వాళ్లు, బిగ్‌బాస్కెట్ వాళ్లు. నేను గమనించింది ఏంటంటే ఒకే ఫ్లాట్‌కి ఒకే వారంలో మూడు రకాల టీషర్టులూ వెళ్తాయి. మా పక్క ఫ్లాట్ అక్కని అడిగితే, మూడు యాప్‌లూ ఓపెన్ చేసి పెరుగు, ఉల్లిపాయలు, నూనె ప్యాకెట్ రేట్లు చూసి, ఎందులో డెలివరీ ఫ్రీగా వస్తే అందులో కొడతా అంది. నేనూ అంతే. ఒకసారి ఒక యాప్‌లో కేజీ టమాటాల్లో సగం కుళ్లినవి వచ్చాయి, వాళ్ల చాట్‌లో పావుగంట కొట్లాడి, అదే నిమిషంలో ఇంకో యాప్‌లో ఆర్డర్ పెట్టా, పదిహేను నిమిషాల్లో వచ్చేసింది, ఆ తర్వాత నెలన్నర ఆ మొదటి యాప్ ముట్టుకోలేదు. యాప్ మారడానికి నాకైన ఖర్చు సున్నా. కస్టమర్‌గా ఇది నాకు పండగే, షేర్‌హోల్డర్‌గా మాత్రం ఇదే నాకు పెద్ద భయం.

దీన్నే ఇంకో వైపు నుంచి చూపించింది మా మేనమామ. మల్కాజ్‌గిరిలో ఆయనకి కిరాణా కొట్టు, ముప్పై ఏళ్ల నుంచి. కూర్చోబెట్టి అడిగా, మావయ్యా అసలు ఏం పోయింది నీకు, ఏం మిగిలింది అని. ఆయన ఏం దాచుకోకుండా చెప్పాడు, ముందు పోయినవి చాక్లెట్లు, బిస్కెట్లు, కూల్‌డ్రింకులు, షాంపూలు, పిల్లల డైపర్లు, అంటే మార్జిన్ బాగా ఉండేవన్నీ. మిగిలింది బియ్యం బస్తాలు, పది రూపాయల ప్యాకెట్లు కొనేవాళ్లు, ఇంకా అరువు ఖాతా ఉన్నవాళ్లు. "అరువు పుస్తకంలో పేరున్నోడు వేరే కొట్టుకి పోడురా, పోవాలంటే ముందు నా బాకీ తీర్చాలి కదా. పోయినోళ్లంతా నగదు వాళ్లే" అన్నాడు. నేను చాలా అనలిస్ట్ రిపోర్టులు చదివా గానీ ఇంత క్లియర్‌గా ఎవరూ చెప్పలేదు. ఆ అరువు పుస్తకమే మావయ్య కొట్టుకి గోడ. మరి బ్లింకిట్‌కి అలాంటి గోడ ఏది? కస్టమర్‌ని కట్టేసేది అక్కడ ఏదీ లేదు.

ఇప్పుడు లెక్కలకి వద్దాం, ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి. 2025 ఏప్రిల్-జూన్ క్వార్టర్‌లో డిస్కౌంట్లు తీసేసిన ఆర్డర్ విలువ మీద జొమాటో ఫుడ్ డెలివరీకి అడ్జస్టెడ్ ఎబిట్డా 5 శాతం. అంటే 100 రూపాయల బిర్యానీ మనకి చేర్చితే వడ్డీ, పన్ను, తరుగుదల లాంటివి తీయకముందు మిగిలేది 5 రూపాయలు. బ్లింకిట్ అదే క్వార్టర్‌లో 162 కోట్లు నష్టం, ఎదిగాక అదీ 5-6 శాతం దగ్గరికి వస్తుందని మేనేజ్‌మెంట్ మాట. సరే వాళ్ల మాటే నిజం అనుకుందాం, డిస్కౌంట్లు తీసేశాక బ్లింకిట్‌లో ఒక ఆర్డర్ ఆ క్వార్టర్‌లో సగటున 520 రూపాయల దగ్గర, దాని మీద 5 శాతం అంటే 26 రూపాయలు. ఇప్పుడు ఎదురుగా ఒకడు వచ్చి డెలివరీ ఫీజు ఎత్తేసి, హ్యాండ్లింగ్ ఫీజు ఎత్తేసి, పైన 20 రూపాయల కూపన్ ఇస్తే? వీళ్లూ ఇవ్వాలి, లేకపోతే మా పక్క ఫ్లాట్ అక్క అటు వెళ్లిపోతుంది, ఇస్తే ఆ 26 మాయం. ఇది ఊహ కూడా కాదు, 2025 నవంబర్‌లో జెప్టో హ్యాండ్లింగ్ ఫీజు, రద్దీ టైమ్‌లో వేసే సర్జ్ ఫీజు ఎత్తేసింది. స్విగ్గీ 2025 డిసెంబర్‌లో క్యూఐపీలో, అంటే పెద్ద సంస్థలకి కొత్త షేర్లు అమ్మి, 10,000 కోట్లు తెచ్చుకుంది. ఎటర్నల్ దగ్గరా 2025 సెప్టెంబర్ చివరికి 18,000 కోట్ల దగ్గర క్యాష్ ఉండేది. అందరి జేబులూ నిండుగా ఉన్నాయంటే లాభాలు ఇంకా దూరం అని అర్థం, నాకైతే అలాగే అనిపిస్తుంది.

కానీ నన్ను నిద్రపోనివ్వంది స్విగ్గీ, జెప్టోలు కాదు, వాళ్లకీ ఇదే బిజినెస్, వాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు లాభం చూపించాల్సిందే, వాళ్ల ఇన్వెస్టర్లూ అడుగుతారు. అసలు భయం ఈ బిజినెస్‌లో లాభం అవసరం లేని వాళ్లతో. అమెజాన్ ఉంది, వాల్‌మార్ట్ చేతిలో ఫ్లిప్‌కార్ట్ ఉంది, రిలయన్స్ ఉంది, టాటాల బిగ్‌బాస్కెట్ ఉంది. వీళ్లకి డబ్బు వేరే చోట వస్తుంది, పాల ప్యాకెట్ నష్టానికి ఇచ్చినా కస్టమర్ రోజూ యాప్ తెరిస్తే చాలు, ఫోను టీవీ అమ్ముకుంటారు. ఫ్లిప్‌కార్ట్ మినిట్స్ 2024 ఆగస్టులో వచ్చింది, అమెజాన్ నౌ 2025లో బెంగళూరు, ఢిల్లీ, ముంబైలలో మొదలైంది.

దీనికి చైనాలో ఏం జరిగిందో చూడండి, ఈ షేర్ ఉన్నవాళ్లందరూ చదవాల్సిన పాఠం అది. మెయితువాన్ అక్కడ ఫుడ్ డెలివరీలో తిరుగులేని నంబర్ వన్, లాభాలు గట్టిగా వస్తున్నాయి, దాన్ని ఎవరూ కదపలేరు అనుకున్నారు. 2025 ఫిబ్రవరిలో జేడీ డాట్ కామ్, అంటే ఫ్రిజ్‌లు ఫోన్లు అమ్ముకునే కంపెనీ, ఫుడ్ డెలివరీలోకి దిగింది, వెనకే అలీబాబా తన టావోబావో యాప్‌లోనే అప్పటికప్పుడు డెలివరీ పెట్టి డిస్కౌంట్లు కుమ్మరించింది. మెయితువాన్ అడ్జస్టెడ్ లాభం ఏప్రిల్-జూన్‌లో 89 శాతం పడింది, ఆ తర్వాత క్వార్టర్‌లో ఏకంగా 1,600 కోట్ల యువాన్ల నష్టం. పదేళ్లు కష్టపడి కట్టిన కోట, ఆరేడు నెలల్లో ఆ పరిస్థితి. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే దెబ్బ కొట్టింది రెండో ప్లేస్‌లో ఉన్న ఎలెమా ఒంటరిగా కాదు, దాని ఓనర్ అలీబాబా, జేడీ లాంటి పక్క వ్యాపారంలోని పెద్దవాళ్లు. మనవాళ్లంతా ప్రతి క్వార్టర్ స్విగ్గీతో పోల్చి చూసుకుంటుంటే నాకు అదే గుర్తొస్తుంది.

ఇంకోటి, నెట్‌వర్క్ ఎఫెక్ట్, అంటే వాడేవాళ్లు పెరిగేకొద్దీ మిగతావాళ్లకీ ఇంకా పనికొస్తుంది అని అందరూ ఒక మంత్రంలా అంటారు, ఒక్కోసారి అది నిజమే, నౌకరీ డాట్ కామ్ ఉంది చూడండి, దాని ఓనర్ ఇన్ఫో ఎడ్జ్ 2010 నుంచే జొమాటోలో ఇన్వెస్టర్, అక్కడ హైదరాబాద్ రెజ్యూమె బెంగళూరు కంపెనీకి పనికొస్తుంది, రెజ్యూమెలు ఎక్కడ ఉంటే కంపెనీలు అక్కడికే వస్తాయి. డార్క్ స్టోర్, అంటే కస్టమర్లు రాకుండా డెలివరీకి మాత్రమే సరుకు పెట్టుకునే గోడౌన్, అలా కాదు. కేపీహెచ్‌బీలో ఉన్న స్టోర్ ఉప్పల్‌లో ఉన్నోడికి ఒక్క రూపాయి ఉపయోగం లేదు. ప్రతి కాలనీలో మళ్లీ మొదటి నుంచి గెలవాలి. అంటే పోటీకి వచ్చేవాడు ఇండియా మొత్తం గెలవక్కర్లేదు, కొండాపూర్, గచ్చిబౌలి, మియాపూర్ లాంటి డబ్బున్న నాలుగు ఏరియాల్లో షట్టర్లు అద్దెకి తీసుకుంటే సరిపోతుంది. మా రోడ్డు మీద గ్రౌండ్ ఫ్లోర్‌లో పెద్ద షట్టర్ ఖాళీ అయితే ఇప్పుడు ఓనర్లు టిఫిన్ సెంటర్ వాళ్లకి ఇవ్వట్లేదు, డార్క్ స్టోర్ వాళ్లు వస్తారేమో అని ఆగుతున్నారు. ఎక్కువ అద్దె ఇచ్చేవాడికే ఇల్లు, అందులో గోడ కట్టడానికి ఏముంది.

అలాగని అంతా చెడే అని నేను అనట్లేదు, అలా అనుకుంటే ఈపాటికి మొత్తం అమ్మేసేవాడిని. మంచి ఉంది, గట్టిగానే ఉంది.

పని చేయించడంలో వీళ్లకి సాటి లేదు, అది ఒప్పుకోవాలి. 2024 మార్చిలో 526 స్టోర్లు, 2025 జూన్‌కి 1,544. ఏడాదింబావులో దాదాపు మూడు రెట్లు, అది కూడా ఆర్డర్లు చెడగొట్టుకోకుండా. ఆ జూన్ క్వార్టర్‌లోనే బ్లింకిట్ ఆర్డర్ విలువ ఫుడ్ డెలివరీని దాటేసింది. మా బావ ఏ కొనుగోలుకి భయపడ్డాడో అదే ఇప్పుడు కంపెనీలో పెద్ద ముక్క, 2026 ఫిబ్రవరి నుంచి గ్రూప్ సీఈఓ కూడా బ్లింకిట్ కట్టిన అల్బిందర్ ధిండ్సానే. ఇంకా ఒకటి చాలామంది పట్టించుకోనిది, విదేశీ పెట్టుబడి ఉన్న మార్కెట్‌ప్లేస్, అంటే వేరేవాళ్ల సరుకు అమ్మిపెట్టే యాప్, సొంతంగా సరుకు పెట్టుకుని అమ్మకూడదు అని మన దగ్గర రూల్. 2025లో ఎటర్నల్ విదేశీ వాటా 49.5 శాతం దాటకుండా పరిమితి పెట్టుకుని భారతీయుల చేతిలో ఉన్న కంపెనీగా మారింది, దాంతో బ్లింకిట్ డైరెక్ట్‌గా కంపెనీల దగ్గర సరుకు కొని పెట్టుకోవచ్చు. అమెజాన్‌కి, ఫ్లిప్‌కార్ట్‌కి ఆ వీలు లేదు. నాకు ఈ మొత్తం కథలో గోడ లాంటిది కనిపించింది ఇదొక్కటే, అదీ రూల్ ఇలాగే ఉన్నంతకాలం. కాకపోతే దీనివల్ల ఒక తికమక ఉంది, ముందు కమిషన్ మాత్రమే ఆదాయంలో చూపించేవాళ్లు, ఇప్పుడు సరుకు విలువ మొత్తం వస్తుంది, అందుకే 2025 జులై-సెప్టెంబర్‌లో ఆదాయం ఏడాది కిందటి 4,799 కోట్ల నుంచి 13,590 కోట్లకి ఎగిరినట్టు కనిపిస్తుంది, లాభం మాత్రం 176 కోట్ల నుంచి 65 కోట్లకి తగ్గింది. వాట్సాప్‌లో ఎవరైనా ఆదాయం దాదాపు మూడు రెట్లు అని పంపిస్తే దయచేసి ఆ కింద లైన్ కూడా చదవండి.

ఫుడ్ డెలివరీ వైపు నాకు భయం తక్కువ. ఈ ఆటలో ఎంతమంది వచ్చి వెళ్లారో గుర్తు చేసుకోండి, ఫుడ్‌పాండాని ఓలా కొని వదిలేసింది, ఊబర్ ఈట్స్ ఇండియాని 2020 జనవరిలో జొమాటోనే కొనేసింది, అమెజాన్ ఫుడ్ 2022 చివర్లో మూసేశారు. అంత డబ్బున్న అమెజాన్ కూడా చెయ్యలేకపోయింది. మిగిలింది ఇద్దరే, ఆ ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు ఫీజు పెంచుకుంటూ పోయారు, ప్లాట్‌ఫామ్ ఫీజు 2023 ఆగస్టులో 2 రూపాయలతో మొదలై 2025 సెప్టెంబర్‌కి 12 అయింది, మనం తిట్టుకుంటూనే కడుతున్నాం. 2025లో ర్యాపిడో 'ఓన్లీ' అనే ఫుడ్ యాప్ పెట్టి బెంగళూరులో మొదలెట్టింది, రెస్టారెంట్ దగ్గర శాతం కమిషన్ కాకుండా ఫిక్స్‌డ్ ఫీజు తీసుకుంటుంది. వాళ్ల దగ్గర ఇప్పటికే బైకులు, మనుషులు ఉన్నారు కాబట్టి తేలిగ్గా తీసుకోను, హోటల్ వాళ్లయితే ఎవరు తక్కువ తీసుకుంటే వాళ్లని నెత్తిన పెట్టుకుంటారు. స్విగ్గీ తన దగ్గరున్న ర్యాపిడో వాటాని 2025లో అమ్మేసుకుంది కూడా.

అయితే ఫుడ్‌కి పోటీ అంటే ఏ రిపోర్ట్‌లోనూ కనపడని ఒక పేరు నేను చెప్తా, కర్రీ పాయింట్. అమీర్‌పేట్‌లో హాస్టల్లో ఉన్న పిల్లాడైనా, మా కాలనీలో ఇద్దరూ ఉద్యోగం చేసే ఇల్లైనా, కుక్కర్లో అన్నం పడేసి కిందకెళ్లి పప్పు, ఒక వేపుడు, సాంబార్ తెచ్చుకుంటే ఇద్దరికి వంద రూపాయల లోపు అయిపోతుంది. అదే యాప్‌లో ప్యాకింగ్, డెలివరీ, ప్లాట్‌ఫామ్ ఫీజు, జీఎస్టీ అన్నీ కలిపితే మూడొందలు దాటుతుంది. జొమాటో ఆర్డర్ విలువ 2025 ఏప్రిల్-జూన్‌లో ఏడాది కిందటితో పోలిస్తే 13 శాతమే పెరిగింది, ఒకప్పుడు దీని స్పీడ్ ఇది కాదు. వారానికోసారి బిర్యానీకి యాప్ ఉంటుంది, రోజూ కూరకి యాప్ రాదు, కనీసం మన ఊళ్లో రాదు అని నా నమ్మకం. కాబట్టి ఫుడ్ నాకు స్థిరంగా పాలిచ్చే గేదె, ఇంకా పెద్దగా పెరగదు. పది నిమిషాల భోజనం అని జొమాటో క్విక్ పెట్టి, కొన్ని నెలల్లోనే 2025లో వాళ్లే మూసేశారు, అది చూస్తే అనవసరంగా సాగదీయరు అని కొంచెం ధైర్యం కూడా వచ్చింది.

డెలివరీ అబ్బాయిల ఖర్చు గురించి రెండు ముక్కలు. కొత్త లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి వచ్చాయి, యాప్ కంపెనీలు టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం, వర్కర్లకి ఇచ్చేదాంట్లో 5 శాతం మించకుండా, సామాజిక భద్రత ఫండ్‌కి కట్టాలి. వానలో, మే నెల ఎండలో మన గేటు దగ్గరికి వచ్చే పిల్లల కోసం అది కావాల్సిందే, షేర్‌హోల్డర్‌గా నేను దానికి అడ్డం చెప్పను. పోటీ పరంగా అందరికీ ఒకటే కాబట్టి తేడా లేదు, కాకపోతే వందకి 5 మిగిలే దగ్గర ఇదీ కొంచెం కొరుకుతుంది.

ఇక రేటు. నేను 3 స్టార్లు ఇచ్చింది కంపెనీకి కాదు, ఈ రేటు దగ్గర షేర్‌కి. కంపెనీకి అయితే 4 ఇస్తా. 300 రూపాయల దగ్గర లెక్కేస్తే దాదాపు 965 కోట్ల షేర్లకి కంపెనీ విలువ 2.9 లక్షల కోట్లు. 2024-25 మొత్తం లాభం 527 కోట్లు. అంటే లాభానికి 550 రెట్లు. బాగా నడిచే కంపెనీకి 40 రెట్లు ఇస్తారనుకుంటే, ఇదే రేటు నిలబడటానికే లాభం 7,200 కోట్లు కావాలి, అంటే పద్నాలుగు రెట్లు. రేటు పెరగడానికి కాదండీ, ఉన్నచోట ఉండటానికి. అది సాధ్యం కాదు అనను, బ్లింకిట్ 5 శాతం తెచ్చుకుని ఇంకో నాలుగైదు రెట్లు పెరిగితే దగ్గరికి వస్తుంది. కానీ ఆ లెక్కలో అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, రిలయన్స్ ముగ్గురూ చేతులు కట్టుకుని కూర్చోవాలి. 2025 జులైలో అయితే లాభం 253 కోట్ల నుంచి 25 కోట్లకి, అంటే 90 శాతం పడిందని రిజల్ట్ వస్తే మర్నాడు షేర్ పదిశాతం పైన పెరిగి రికార్డు కొట్టింది. నా దగ్గర ఉన్న షేరే పెరుగుతుంటే సంతోషంగా ఉండాల్సింది, నాకు ఆ రోజు కడుపులో ఏదో తిప్పినట్టే అయింది, ఎందుకంటే జనం కొంటున్నది ఇప్పటి కంపెనీని కాదు, పోటీ అంతా అయిపోయి వీళ్లొక్కరే మిగిలిన రోజుని.

నేను చేసింది ఇది. సగం అమ్మేశా, ఆ డబ్బుతో ఇంటి లోన్‌లో కొంత ప్రిన్సిపల్ కట్టేశా. సగం ఉంచుకున్నా, కొత్తగా కొనట్లేదు. ప్రతి క్వార్టర్ మూడే చూస్తా, ఫుడ్‌లో ఆ 5 శాతం నిలబడుతుందా, కొత్త స్టోర్లు పెట్టడం తగ్గించకుండా బ్లింకిట్ నష్టం తగ్గుతుందా, అమెజాన్ నౌ మా నిజాంపేట్ రోడ్డు మీద షట్టర్ తీసుకుందా. మూడోది తెలుసుకోవడానికి రిజల్ట్స్ దాకా ఆగక్కర్లేదు, మా వాచ్‌మన్‌కి ఎలాగూ ముందే తెలుస్తుంది, కొత్త రంగు టీషర్ట్ కనపడితే చెప్పు అని అడిగి పెట్టా.